జుమ్మేరాత్ బజార్‌లో దొరికిన బూడిద రంగు గుమ్మటం: ఒక గుర్తింపు కేసు

ఈ వస్తువు నా బల్ల మీదికి వచ్చేసరికే దానికి మూడు పేర్లు పెట్టేశారు. అమ్మినాయన "నిజాం కాలం నాటి గంట" అన్నాడట. కొన్న అబ్బాయి పేపర్ వెయిట్ అనుకున్నాడు. ఆ అబ్బాయి బావగారు మాత్రం ఫోటో చూసి "అది రైస్ పుల్లర్ అయ్యుంటుంది, ఎవరికీ చూపించకు" అని గట్టిగా చెప్పాడు. పాత లోహపు వస్తువుల సంరక్షణ నా వృత్తి కాబట్టి, ఇలాంటి పేర్లు పెట్టించుకుని వచ్చే సామాను నాకు అలవాటే. అయినా ఈ కేసును మొదటి నుంచి చివరిదాకా రాయాలనిపించింది. ఇందులో ప్రతి దశా చూపించదగినది, పైగా సామాన్యంగా అందరూ చేసే ఒక పని వల్ల ఈ వస్తువు తన గుర్తింపును దాదాపు పోగొట్టుకుంది.

కొన్నది హైదరాబాద్‌లో, పురానాపూల్ దగ్గర గురువారాలు జరిగే జుమ్మేరాత్ బజార్‌లో. పాత గడియారాలు, తుప్పు పట్టిన పానాలు, రేడియోలు, విరిగిన షాండ్లియర్ ముక్కలు, ఇత్తడి చెంబులు అన్నీ ఒకే గోనెపట్టా మీద పోసి అమ్మే చోటు. పదిహేను వందలు చెప్తే బేరమాడి తొమ్మిది వందలకు తెచ్చాడు. ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే "పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే వచ్చింది" అన్నాడట అమ్మినాయన. సంతలో దొరికే సామానుకు ఇంతకు మించిన చరిత్ర దొరకదు. అందుకే ఇలాంటి కేసుల్లో వస్తువునే సాక్షిగా కూర్చోబెట్టి అడగాలి.

ఇంటికి తెచ్చాక జరిగింది వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది. "అమ్మ చింతపండు పెట్టి కొంచెం తోమింది సార్. ఇత్తడయితే మెరుస్తుంది కదా అని. మెరవలేదు, బూడిద రంగులోనే ఉండిపోయింది. అందుకే ఆపేసింది."

ఆవిడ ఆపేయడం మన అదృష్టం. అయితే అడుగు అంచు మీద అరచేయంత మేర మాత్రమే ఆవిడ తోమింది. మిగతా ఒళ్లంతా అప్పటికే అదే బూడిద రంగులో ఉంది. అంటే అంతకు ముందే ఎవరో, బహుశా అమ్మకానికి పెట్టేముందు, దీన్ని పుల్లటి ద్రవంతోనో తోమే పొడితోనో బాగా రుద్దేశారు. పలకల మూలల్లో, మెట్ల సందుల్లో మాత్రం నల్లటి పొర మచ్చలు మచ్చలుగా మిగిలి ఉంది. ఆ మిగిలిన నలుపే ఈ కేసుకు తాళంచెవి అయింది.

పేరు తర్వాత, వివరం ముందు

ఏ వస్తువు వచ్చినా నేను ముందు పేరు రాయను. దేంతో చేశారు, ఎలా చేశారు, ఎక్కడ అరిగింది అన్న మూడింటికీ జవాబులు రాసుకున్నాకే ఇది ఏమిటన్న ప్రశ్నకు వస్తాను. పేరు ముందు పెట్టుకుంటే కళ్లు ఆ పేరుకు సరిపోయేవే ఏరుకుంటాయి. గంట అనుకున్నవాడికి గంటే కనిపిస్తుంది.

రిజిస్టర్‌లో రాసుకున్నది ఇదీ. ఎత్తు 10.2 సెంటీమీటర్లు. అడుగుభాగం ఎనిమిది పలకలు, ఒక పలక నుంచి ఎదుటి పలకకు 10.5 సెంటీమీటర్లు. మూడు సెంటీమీటర్ల ఎత్తు దాకా రెండు మెట్లుగా లేచి, దాని మీద గుమ్మటం, గుమ్మటం నెత్తిన చిన్న మొగ్గ. లోపల బోలు, కింది వైపు తెరిచి ఉంది. గోడ మందం సుమారు ఏడు మిల్లీమీటర్లు. మొగ్గకు రంధ్రం లేదు. ఎక్కడా మర లేదు, మేకు రంధ్రం లేదు, అతుకు లేదు. అంతా ఒకే పోత. లోపలి గోడ గరుకుగా, ఇసుక అచ్చులో పోసిన పోతకు ఉండే పొక్కులతో ఉంది. బరువు 1,262 గ్రాములు. చేతిలోకి తీసుకున్న ప్రతివాళ్లూ "అబ్బో" అన్నారు. ఆ సైజు వస్తువుకు చెయ్యి ఊహించే బరువు కన్నా ఎక్కువ ఉంది.

రైస్ పుల్లర్ మాట ఇక్కడే తేల్చేస్తాను. మన రెండు రాష్ట్రాల్లో ఈ పేరుతో జరిగే మోసం కొత్తది కాదు. పాత చెంబుకో నాణేనికో బియ్యపు గింజలను లాగే శక్తి ఉందని, అందులో ఇరీడియం ఉందని, విదేశీ కంపెనీ కోట్లు పెట్టి కొంటుందని నమ్మించి, టెస్టింగ్ ఖర్చుల పేరుతో లక్షలు గుంజుతారు. గింజలకు ముందే ఇనుప రజను పట్టించి అయస్కాంతంతో లాగించి చూపిస్తారు. బియ్యాన్ని లాగే లోహం లేదు. మీ ఇంట్లో ఎవరైనా పాత వస్తువు గురించి ఈ మాట ఎత్తితే, నలుగురికీ చూపించండి. "ఎవరికీ చూపించకు" అన్న సలహాయే ఆ మోసగాళ్లకు పెట్టుబడి.

ఏ లోహం?

మొదట అయస్కాంతం పెట్టాను. ఎక్కడా అంటలేదు. దాంతో ఇనుము, పోత ఇనుము పోయాయి. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ తర్వాతి పరీక్షకు చాలా అవసరం, ఎందుకో చెప్తాను.

రెండోది, మొగ్గకు దారం కట్టి వేలాడదీసి చెక్క పుల్లతో తట్టాను. "టక్" అని అక్కడికక్కడే ఆగిపోయింది. కంచు అయితే మోగుతుంది. రాగి, తగరం కలిసిన ఆ లోహాన్ని గంటలకు వాడేదే అందుకు. పైగా లోపల నాలుక వేలాడదీయడానికి కొక్కెం కానీ, ఒకప్పుడు కొక్కెం ఉండి విరిగిన గుర్తు కానీ లేదు. అమ్మినాయన చెప్పిన గంట కథ అక్కడితో ముగిసింది.

మూడోది సాంద్రత. దీనికి పెద్ద లాబ్ అక్కర్లేదు, మంచి ఎలక్ట్రానిక్ కాటా, నీళ్ల పాత్ర చాలు. గాలిలో 1,262 గ్రాములున్న వస్తువును దారంతో డిస్టిల్డ్ వాటర్‌లో పూర్తిగా ముంచి, లోపలి బోలులో గాలి బుడగ మిగలకుండా పక్కకు వంచి, వేలాడదీసి తూచితే 1,085 గ్రాములు చూపింది. తగ్గింది 177 గ్రాములు, అంటే లోహం ఘనపరిమాణం 177 ఘన సెంటీమీటర్లు. భాగిస్తే సాంద్రత 7.13. వెంటనే బయటికి తీసి, ఆల్కహాల్‌తో కడిగి, గోరువెచ్చని గాలిలో ఆరబెట్టాను. అన్ని వస్తువులకూ ఈ పని చేయను. లక్క నింపినవి, చెక్క ఉన్నవి, అతుకులు ఉన్నవి నీళ్లలో ముంచకూడదు. ఇది ఒకే పోత అని ముందే నిర్ధారించుకున్నాను కాబట్టి ఒప్పుకున్నాను.

ఆ అంకె దగ్గర కాసేపు ఆగాలి. సీసం 11.3, రాగి దాదాపు 9, ఇత్తడి ఎనిమిదిన్నర దరిదాపుల్లో ఉంటాయి. ఇవన్నీ పోయాయి. ఏడుకు కాస్త పైన ఉండేవి మూడు: జింక్ 7.14, తగరం 7.3, పోత ఇనుము కూడా అటూ ఇటూగా అక్కడే. పోత ఇనుమును అయస్కాంతం ముందే తీసేసింది. మిగిలినవి తగరం, జింక్. తగరం బాగా మెత్తన, ఇన్నేళ్లు వాడిన వస్తువుకు పలకల అంచులు ఇంత పదునుగా మిగలవు. పైగా బోలు లోపలి మూలల్లో తెల్లటి పిండిలాంటి పొర ఉంది. చెమ్మ తగిలి పాడైన జింక్ మీద పట్టేది అదే.

మన పాతవాళ్లు తుత్తునాగం అని పిలిచిన ఈ జింక్‌ను శుద్ధి చేయడం సులువు కాదు. 419 డిగ్రీలకే కరుగుతుంది కానీ 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. ఖనిజం నుంచి విడిపోయేటప్పుడే ఆవిరిగా బయటికొస్తుంది, ఆ ఆవిరిని గాలి తగలకుండా పట్టి చల్లార్చాలి. రాజస్థాన్‌లోని జావర్‌లో మనవాళ్లు మట్టి మూసలను తలకిందులుగా పెట్టి ఆ పనిని శతాబ్దాల పాటు, యూరప్ కన్నా చాలా ముందే చేశారు. అలాంటి లోహంతో పనిగట్టుకుని ఒక గుమ్మటం పోశారంటే, దాని వెనక ఏదో సంప్రదాయం ఉండి తీరాలి. దక్కన్‌లో జింక్ అనగానే నా మనసు పోయేది ఒక్క ఊరి వైపే. కానీ ఊహను రిపోర్టులో రాయలేం కదా.

నాలుగోది ఎక్స్‌ఆర్‌ఎఫ్. బంగారం ప్యూరిటీ చూడటానికి హాల్‌మార్కింగ్ సెంటర్లలో పెట్టుకునే ఎక్స్‌రే మెషిన్ ఇదే. వస్తువుకు గీత కూడా పడకుండా పైపొరలో ఏయే లోహాలున్నాయో చెబుతుంది. తెలిసిన సెంటర్‌లో అడిగి రెండు చోట్ల రీడింగ్ తీయించాను: తోమని లోపలి గోడ మీద ఒకటి, బయటి గుమ్మటం మీద ఒకటి. ఆ మెషిన్లను బంగారానికి తగ్గట్టు సరిచేసి ఉంచుతారు కాబట్టి, జింక్ ఎంత శాతం అన్న అంకెను నేను లెక్కలోకి తీసుకోను. ఏవేవి ఉన్నాయన్నదే తీసుకుంటాను. లోపల జింక్ భారీగా, రాగి కొద్దిగా, సీసం, తగరం జాడగా కనిపించాయి. బయట అవే, వాటితోపాటు వెండి.

వెండి ఎక్కడి నుంచి వచ్చింది? కంటికి ఒక్క తెల్ల గీత కూడా కనిపించడం లేదు.

కనిపించని పువ్వు

గదిలో లైట్లు ఆర్పి, ఒక చిన్న టార్చిని గుమ్మటానికి దాదాపు ఆనించి పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టాను. ఎదురుగా చూస్తే నున్నగా ఉన్న ఉపరితలం పక్క వెలుతురులో మారిపోయింది. సన్నటి గీతలు, వంపులు, మధ్యలో కొంచెం లోతుగా ఉన్న ఆకారాలు తేలాయి. ఒకచోట గీత తెగిపోయి సన్నటి గాడి మిగిలింది. దాన్ని మైక్రోస్కోపు కింద 20 రెట్లు పెద్దది చేసి చూస్తే గాడి పైన సన్నగా, లోపల కాస్త వెడల్పుగా ఉంది. అంచుల వెంట ఉలి దెబ్బలు ఒకదాని పక్కన ఒకటి వరుసగా కనిపించాయి. గాడిని అలా లోపల వెడల్పుగా కోసేది ఎందుకంటే, అందులో తీగ పెట్టి సుత్తితో కొడితే మెత్తటి వెండి లోపలికి పరుచుకుని మళ్లీ బయటికి రాదు. జిగురు లేదు, టంకం లేదు. లోహమే లోహాన్ని పట్టుకుంటుంది.

ఇక చిన్న కిటికీ తెరిచే పని. అడుగు మెట్టు మీద, కంటికి అంతగా ఆనని చోట గోరంత జాగా ఎంచుకున్నాను. మెత్తటి సుద్దపొడిని డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, వెదురు పుల్లకు చుట్టిన దూదితో గీత వెంబడే మెల్లగా తుడిచాను. దూది నల్లబడింది, గీత తెల్లబడింది. ఇంకాస్త జరిపితే తీగ పక్కన రేకు ఆకారంలో కోసి పొదిగిన పలచటి వెండి ముక్క బయటపడింది. నాలుగు రేకులు, వంగిన కాడ, కాడకు అటొకటి ఇటొకటి ఆకులు. గసగసాల పువ్వు. ఆ కాస్త జాగా దగ్గర తుడవడం ఆపేశాను. నాకు కావలసింది దొరికింది, మిగతాది తుడవాలా వద్దా అన్నది వేరే నిర్ణయం.

ఇది బిద్రీ. బీదర్ పేరుతో లోకమంతా తెలిసిన పని. ఆ ఊరు ముందు మన హైదరాబాద్ సంస్థానంలో, ఆ తర్వాత 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. 2006లో బిద్రీకి జీఐ, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి అని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. హైదరాబాద్‌లో పెరిగినవాళ్లలో బిద్రీ చూడనివాళ్లు తక్కువ. సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ చూసి ఉంటారు, పెళ్లిళ్లలో బహుమతిగానూ చూసి ఉంటారు. మరి ఇంతమంది చేతులు మారిన ఈ వస్తువును ఎవరూ ఎందుకు గుర్తుపట్టలేదు?

బిద్రీ అందమంతా నలుపు మీద తెలుపులో ఉంది. ఆ నలుపు రంగు పూత కాదు. పోత పోసి, ఆకురాయితో నున్నగా చేసి, మైలుతుత్తం నీళ్లు రాసి తాత్కాలికంగా నల్లబరుస్తారు, ఉలితో గీసే గీత కనబడటానికి. గీతలు చెక్కి, వెండి పొదిగి, మళ్లీ అరగదీసే సరికి ఆ నలుపు పోతుంది, లోహమూ వెండీ రెండూ తెల్లగా ఒకేలా కనిపిస్తాయి. చివరగా వస్తువును కొంచెం వేడి చేసి, నవాసారమూ బీదర్ కోట పాత గోడల దగ్గరి మట్టీ కలిపిన ముద్దను రుద్దుతారు. జింకు, రాగి కలిసిన లోహం మాత్రం చిక్కటి నలుపుకు తిరుగుతుంది, వెండి తెల్లగానే ఉంటుంది. ఆ తర్వాత నూనె పట్టిస్తారు. ఆ నల్ల పొర చాలా పలచన. జింక్‌కు పులుపు పడదు. చింతపండు, నిమ్మకాయ, తోమే పొడి ఏది రుద్దినా ఆ పొర కొట్టుకుపోతుంది. అటు నలుపు పోయి నేల, అంటే వెండి చుట్టూ ఉన్న లోహం, బూడిద రంగుకు వచ్చింది. ఇటు వెండి గాలిలోని గంధకానికి మెల్లగా నల్లబడి అదే బూడిద రంగుకు వచ్చింది. రెండూ మధ్యలో కలుసుకున్నాయి, పువ్వు మాయమైంది.

ఎక్స్‌ఆర్‌ఎఫ్‌లో కనిపించిన సీసం, తగరం గురించి ఒక మాట. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వారి వృక్షశాస్త్ర తోటను చూసుకున్న బెంజమిన్ హేన్ 19వ శతాబ్దం తొలి రోజుల్లో బిద్రీ లోహం పాళ్లు రాసిపెట్టాడు: 16 ఔన్సుల రాగి, 4 సీసం, 2 తగరం కలిపి కరిగించి, ఆ మిశ్రమం ప్రతి 3 ఔన్సులకు 16 ఔన్సుల జింక్. ఈరోజు బీదర్‌లో మామూలుగా జింకు, రాగి మాత్రమే కలుపుతారు. మన వస్తువులో సీసం, తగరం ఉండటం పాత పాళ్లకు దగ్గరగా ఉందన్న మాట నిజమే. కానీ పాత రకం జింక్‌లోనే సీసం కొంత కలిసి ఉండేది, పాత సామాను కరిగించి పోసినా వస్తుంది. కాబట్టి దీన్ని వయసుకు సాక్ష్యంగా నేను తీసుకోలేదు, వయసుతో పేచీ లేదని మాత్రం రాశాను.

ఇంతకూ ఇది ఏ పనికి?

బిద్రీ అని తేలితే సగం కేసు. బిద్రీలో హుక్కా బుడ్డీలు, పాన్‌దాన్లు, సురాహీలు, పళ్లేలు, గ్లాసులు, మంచం కోళ్లు అన్నీ చేశారు.

హుక్కా బుడ్డీ కాదు. దానికి నీళ్లు పోసే పొట్ట, మూతి ఉండాలి. చిలుముకు కప్పే మూత కావడానికి గాలి రంధ్రాలు లేవు, లోపల మసి లేదు, పైగా కిలోకు పైన బరువున్న మూతను చిలుము మీద ఎవరు పెడతారు? మంచం కోడు తొడుగు అయితే లోపలి గోడకు చెక్క రాసుకున్న నున్నదనం ఉండాలి. ఇక్కడ పోత పొక్కులు నిన్న పోసినట్టు ఉన్నాయి. తూనికరాయేమో అని కూడా చూశాను. పక్కా సేరు 80 తులాలు, అంటే 933 గ్రాములు. మన వీశె 120 తులాలు, దాదాపు 1,400 గ్రాములు. ఇది 108 తులాల పైచిల్లర. ఏ కొలతకూ సరిపోదు, ముద్ర లేదు. తూచడానికి వాడే రాయికి ఇంత వెండి పొదగడమూ జరగదు.

ఇక అరుగుదల చూడాలి. నా దృష్టిలో ఏ వస్తువుకైనా ఇదే అన్నిటికన్నా నిజాయితీ గల సాక్షి. పక్క వెలుతురులో గుమ్మటమంతా తిప్పి చూస్తే పువ్వుల గీతలు రెండు చోట్ల బాగా చెరిగాయి: మొగ్గ కింది మెడ చుట్టూ, దానికి దిగువన భుజం మీద. అక్కడ మన వేళ్లు పెట్టి చూస్తే సరిగ్గా పట్టు కుదురుతుంది. అంటే దీన్ని పైనుంచి పట్టుకుని మాటిమాటికీ ఎత్తేవాళ్లు, దించేవాళ్లు. మరి అడుగు అంచు? అంత బరువును రాతి నేల మీద పెట్టి తీస్తుంటే అంచు గీకుకుపోయి, గుంటలు పడాలి. ఇక్కడ అంచు గుండ్రంగా, మెత్తగా అరిగింది. గీతల్లేవు. మెత్తటి దాని మీదే కూర్చునేది ఇది. అంచు పొక్కుల్లో నూలు పోగులు కూడా చిక్కుకుని ఉన్నాయి, కానీ సంతలో గుడ్డలో చుట్టినా పోగులు అంటుకుంటాయి కాబట్టి వాటిని నేను సాక్ష్యంగా రాయలేదు.

తరచూ ఎత్తి దించేది, బరువుండటమే తన పని అయినది, మెత్తటి దాని మీద కూర్చునేది, నలుగురి కళ్లూ పడేచోట ఉండేది కాబట్టి అలంకారం కావలసినది. ఇన్ని లక్షణాలూ కలిసేది ఒక్కదానిలోనే: మీర్-ఎ-ఫర్ష్. దివాన్‌ఖానాలో జంపఖానా పరిచి దాని మీద తెల్లటి చాందినీ వేసేవాళ్లు. మనుషులు కూర్చుని లేస్తుంటే అది ముడతలు పడకుండా, గాలికి లేవకుండా నాలుగు మూలలా నాలుగు బరువులు పెట్టేవాళ్లు. పాలరాయితో, జేడ్ రాయితో, స్ఫటికంతో, దక్కన్‌లో బిద్రీతో వాటిని చేశారు. మొఘల్, దక్కనీ చిత్రాల్లో తివాచీ మూలలను చూడండి, ఇలాంటి చిన్న గుమ్మటాలు కనిపిస్తాయి. చిత్రాన్ని చూసేటప్పుడు మన కళ్లు నవాబు మీద ఉంటాయి కాబట్టి అవి మనసుకు ఎక్కవు. మ్యూజియాల్లో ఉన్న బిద్రీ మీర్-ఎ-ఫర్ష్‌లతో ఆకారం పోల్చి చూశాక నాకు సందేహం మిగల్లేదు: పలకల పీఠం, దాని మీద గుమ్మటం, నెత్తిన మొగ్గ.

పోల్చడం అయ్యాక లోపలి అంచును మరోసారి మైక్రోస్కోపు కింద పెట్టినప్పుడు తెల్ల పొర కింద ఉలితో పెట్టిన మూడు చిన్న గాట్లు పక్కపక్కన కనిపించాయి. దెబ్బ తగిలి పడినవి కావు, ఒకే పొడవు, ఒకే ఎడం. నాలుగింటి సెట్‌లో మూడోదానికి చేసినాయన పెట్టుకున్న గుర్తని నా నమ్మకం. రిపోర్టులో మాత్రం "మూడు గాట్లు, సెట్ సంఖ్య కావచ్చు" అని రాశాను.

వయసు దగ్గర చాలామంది తొందరపడతారు. గసగసాల పువ్వు 17వ శతాబ్దపు మొఘల్ కళలో విపరీతంగా కనిపిస్తుంది కదా అని ఇది ఆ కాలానిదే అనేయడం సులువు, సంత వ్యాపారికి లాభం కూడా. కానీ బిద్రీ పనివాళ్లు ఆ పువ్వును తరతరాలుగా చెక్కుతూనే ఉన్నారు. అది ఎంత వెనక్కి పోవచ్చో చెబుతుంది తప్ప ఎంత ముందుకు రావచ్చో చెప్పదు. ఇటువైపు హద్దును వస్తువు పనే గీస్తుంది. సోఫాలు వచ్చి, చాందినీ మీద కూర్చునే మహఫిళ్లు తగ్గాక దీన్ని చేయించుకునేవాళ్లు లేరు. తీగ పనీ రేకు పనీ కలిపిన తీరు, అంటే తార్‌కషీ, తెహ్‌నిషాన్ రెండూ పక్కపక్కన ఉండటం, గాడుల్లో ఊడిన తీగ తావుల్లో పేరుకున్న పాత మురికి, చేతి అరుగుదల అన్నీ కలిపి 19వ శతాబ్దం రెండో సగం నుంచి 20వ శతాబ్దం తొలి దశకాల మధ్య అని తేల్చాను. చోటు దక్కన్, బీదర్ కావడానికే ఎక్కువ అవకాశం. లక్నోలో కూడా బిద్రీ చేశారు, అయితే అక్కడ వెండి పైకి ఉబ్బి ఉండే పనికి పేరు. ఇందులో వెండి నేలకు సమానంగా ఉంది.

ఏం చేశాం, ఏం చేయలేదు

"బీదర్ తీసుకెళ్తే మళ్లీ నల్లగా చేసిస్తారట కదా సార్" అని ఆ అబ్బాయి అడిగాడు. చేసిస్తారు, అద్భుతంగా చేసిస్తారు. ఆ పని ఇంకా బతికే ఉంది, నిన్న కొన్న పూలకుండీకి అదే సరైన మందు. ఈ వస్తువుకు మాత్రం వద్దన్నాను. మళ్లీ నల్లబరచాలంటే ముందు ఉపరితలాన్నంతా సాఫీగా అరగదీయాలి. అప్పుడు మూలల్లో మిగిలిన పాత నలుపు పోతుంది, వేళ్ల అరుగుదల పోతుంది, పలచటి రేకులు ఊడే ప్రమాదం ఉంది. దీన్ని గుర్తుపట్టడానికి మనకు దొరికిన సాక్ష్యాలన్నీ ఆ పైపొరలోనే ఉన్నాయి. అతను కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు.

వెండి మీది నలుపును మాత్రం సుద్దపొడితో తీగ తీగకూ విడిగా తీశాను. నేల బూడిద రంగు మీద తెల్లటి పువ్వులు, నలుపు మీద ఉన్నంత ఉజ్జ్వలంగా కాకపోయినా, ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తాయి. చింతపండు పులుపు లోహంలో మిగలకుండా అడుగు అంచును డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి, బాగా ఆరబెట్టి, పైన మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ పలచగా పట్టించాను. లేచిన రెండు తీగ కొసలను నొక్కి కూర్చోబెట్టాను. కొత్త వెండి ఎక్కడా పెట్టలేదు.

దాచడం గురించి అతనికి రాసిచ్చినవి: కొత్త ప్లైవుడ్ బీరువాలో మూసి పెట్టొద్దు, చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి జింక్‌ను తింటుంది. ఉన్ని గుడ్డ, రబ్బరు దగ్గర ఉంచొద్దు, వెండి మళ్లీ నల్లబడుతుంది. ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టాలి. ఎత్తేటప్పుడు పొడి చేతులతో, అడుగు పట్టుకుని ఎత్తాలి. మెడ పట్టుకుని ఎత్తే పని ఇప్పటిదాకా జరిగింది చాలు.

ఇంకో విషయం, అమెరికాలో ఉన్న వాళ్ల అన్నయ్య "నాకు పంపు, ఇక్కడ డ్రాయింగ్ రూమ్‌లో పెట్టుకుంటాను" అన్నాడట. పంపకూడదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువే, వ్యక్తులు దాన్ని దేశం దాటించడానికి వీల్లేదు. సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుపోయే మనవాళ్లు చాలామందికి ఇది నేరమని కూడా తెలియదు. వయసు వందేళ్ల లోపే అనుకుంటే భారత పురావస్తు శాఖ దగ్గర పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ తీసుకునే దారి ఉంది. నా అంచనా వందేళ్లకు అటూ ఇటూ తిరుగుతోంది కాబట్టి, సర్టిఫికెట్ లేకుండా కదిలించొద్దని రిపోర్టులోనే రాసిచ్చాను. వస్తువు హైదరాబాద్‌లోనే ఉంది.

మిగతా మూడింటి కోసం అతను ఇప్పుడు గురువారాలు వెతుకుతున్నాడు. ఒకే ఇంటి సామాను ఒకేసారి సంతకు వచ్చి, ముక్కలు ముక్కలుగా అమ్ముడవడం మామూలే కాబట్టి అది పిచ్చి ఆశేమీ కాదు. పాత సామాను కొనే అలవాటున్న వాళ్లకు ఎక్కడైనా ఎనిమిది పలకల పీఠంతో, పలక నుంచి పలకకు పదిన్నర సెంటీమీటర్లతో, అయస్కాంతం అంటని బరువైన గుమ్మటం కనిపిస్తే తిరగేసి లోపలి అంచు చూడండి. అక్కడ ఒకటో, రెండో, నాలుగో గాట్లు ఉంటే, దయచేసి తోమకుండా తీసుకురండి.